కేసులు మా పేర్ల మీద

కందులు విసరడమంటే సుగుణకు పండగే. పెళ్లయి ఆరు నెలలైనా ఆ ఇంట్లో ప్రతి పనీ ఆమెకు కొత్త ఆటబొమ్మ దొరికినట్టే ఉండేది. ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టిన కందులను ఇసుర్రాయి నోట్లో గుప్పెడు పోసి పిడి పట్టుకుని తిప్పితే, రాతి అంచుల చుట్టూ పచ్చటి బద్దలు జలజలా రాలిపడేవి. ఒక్కో బద్ద అప్పుడే కడుక్కున్న ముఖంలా మెరిసేది.

"ఇరవై రెండేండ్లు పప్పు తిన్న గని అత్తమ్మా, పప్పు పుడుతుంటె ఇప్పుడే చూస్తున్న" అంది.

ఎదురుగా అదే పిడిని పట్టుకుని కూచున్న అత్త చంద్రవ్వ నవ్వింది. "చూడు బిడ్డా, మంచిగ చూడు. నా లెక్క ముప్పై ఏండ్లు ఇసిరినంక రెక్కలు గుంజుతయి. అప్పుడు చెప్పు గీ ముచ్చట."

పందొమ్మిది వందల అరవై ఆరు, ఫిబ్రవరి. తాండూరు బజారంతా కొత్త కందుల వాసన. ఆ పొద్దున పోలీసు జవాను మల్లప్ప వాకిట్లో సైకిలు దిగి, "ఈ ఇంట్ల సుగుణమ్మ అంటె ఎవరు?" అని అడిగాడు.

సుగుణ చేతులకు మట్టి ఉండగానే లేచి నిలబడింది. జనవరిలో ఆడపిల్లల బడి నుంచి కాగితం వచ్చింది. తెలుగు టీచరు ఉద్యోగానికి ఆమెను ఎంపిక చేశామని, పోలీసుల విచారణ కాగానే చేరవచ్చని. ఆ కాగితాన్ని ఆమె పెళ్లి చీర మడతలో దాచుకుని రోజుకొకసారి తీసి చదువుకునేది. ఆ విచారణ ఇప్పుడు నిక్కరు వేసుకుని, చెమటలు కక్కుతూ, ఇంటికే వచ్చింది.

మల్లప్ప అరుగు మీద కూచుని కాగితం విప్పాడు. తండ్రి పేరు అడిగాడు. కిష్టయ్య, వికారాబాదు స్టేషన్ల బుకింగు క్లార్కు అని చెప్పింది. చదువు అడిగాడు. "బి.ఏ." అంది, చెరుకు ముక్క నమిలినంత తీపిగా.

"మీ మీద ఏమన్న కేసులున్నయా?" అని అడిగాడు గాని, అడుగుతూనే లేవని రాయడానికి వంగాడు. పెళ్లయిన బి.ఏ. పిల్ల మీద కేసులెందుకుంటాయి?

అప్పుడే చంద్రవ్వ సల్ల గిలాసతో వచ్చింది. ఇంటికొచ్చిన మనిషి అడిగితే జవాబు చెప్పడం ఆమెకు మర్యాద.

"ఒక్కటే ఉన్నది సారూ" అంది. "కొత్త కోడలు గద. పెద్దకోడలికి రెండు. నాకైతే మూడున్నయి."

మల్లప్ప చేతిలో కలం ఆగిపోయింది. చంద్రవ్వ గొంతులో సిగ్గు గాని భయం గాని లేవు. ఇన్ని కాన్పులయ్యాయి, ఇన్ని పంటలు చూశాను అని చెప్పే పెద్దరికం ఉంది. వయసును బట్టి కేసులు పెరగడం లోకమంతటా ఉన్నదే అన్నట్టు, "తాగు సారూ, ఎండల వొచ్చినవు" అని గిలాస చేతికిచ్చింది.

మల్లప్ప మజ్జిగ తాగాడు, మూతి తుడుచుకున్నాడు, రాశాడు. పోతూ పోతూ సుగుణ ముఖం చూసి ఆగాడు. "ఆమె చెప్పకున్నా నేను కోర్టు పుస్తకం చూడాల్సిందేనమ్మా. అండ్ల ఉన్నదే గద" అన్నాడు.

అండ్ల ఉన్నది. అవును. ఎట్లా వచ్చిందో సుగుణకు తెలుసు. తన కాళ్లతో తనే నడిచిపోయి, నవ్వుకుంటూ రాయించుకుని వచ్చింది. ఇంతకాలం అది కేసని ఆమెకు అనిపించనే లేదు. పెళ్లయ్యాక మొగుడితో చేసిన మొదటి రైలు ప్రయాణంగానే గుర్తుంది. నవంబరులో జరిగింది. ఆ ఏడు వానలు లేవు, బియ్యం మీద కంట్రోలు. అత్తవారిలా ధాన్యం కొని అమ్మే అడ్తి దుకాణాలవాళ్లు లైసెన్సుకు మించి బియ్యం దాస్తే కేసు. ఒక మధ్యాహ్నం సప్లై ఆఫీసరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, ఇంటి వెనక కొట్టంలో జొన్నచొప్ప కింద దాచిన అరవై బస్తాలు బయటికి తీయించాడు. మామ మొగులప్ప కంగారు పడలేదు. ముందే కంఠతా పట్టినట్టు, "గవి మా చిన్నకోడలియి. పుట్టింటోళ్లు పెట్టిన్రు. ఆమెనే అమ్ముకుంటది" అన్నాడు. వంటింట్లో ఆ మాట విన్న సుగుణకు నవ్వాగలేదు. నాన్న కిష్టయ్య బియ్యం సంచి భుజాన వేసుకుని ఇంటికి వస్తుంటే, అది నిండిందా సగమేనా అని అమ్మ దూరం నుంచే కనిపెట్టేది. అట్లాంటి నాన్న అరవై బస్తాలు పెట్టాడట! కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు పళ్లు కొరుక్కోవాలనిపిస్తోంది.

ఆ సాయంత్రం మొగుడు రాజేందర్ డాబా మీద ఆమె పక్కన కూచుని, ఆమె గాజులు ఒక్కొక్కటే తిప్పుతూ చెప్పాడు. "అన్న పేరు రాస్తె అడ్తి లైసెన్సు పోతది. నా పేరు రాస్తె వ్యాపారం మొత్తం బదునాం. ఆడమనిషంటె మెజిస్ట్రేటు జుర్మానా ఏసి ఇడిసిపెడ్తడు. ఏం గాదు సుగుణా. ఒక్క మాటనే గద, ఔనంటె అయిపాయె. మల్ల ఇద్దరం అనంతగిరి పోదాం. సీతాఫలాలు తిందాం." ఆమె ముందు మాటలు సరిగా వినలేదు. సీతాఫలాలు మాత్రం విన్నది. ఇద్దరం అన్న మాట విన్నది.

ఆ రోజు ఎంత బాగుండిందో! ధారూర్ స్టేషన్లో రైలు ఆగితే కిటికీలోంచి వేయించిన పల్లీలు కొన్నాడు. వికారాబాదు కోర్టు వరండాలో వకీలు గుమస్తా అనంతయ్య కాగితం ముందు పెట్టి, సిరా ప్యాడు మూత తీశాడు. "నేను సంతకం చేస్త" అని సుగుణ తన సంచిలోంచి ఆకుపచ్చ పెన్ను తీసింది. పెళ్లయిన మూడో రోజు రాజేందర్ ఇచ్చిన పెన్ను అది. 'మా ఇంట్ల పెన్ను పట్టిన మొదటి ఆడమనిషివి నువ్వే' అంటూ ఇచ్చాడు. దోస్తులొచ్చినప్పుడల్లా ఆమెను పిలిచి, 'మా ఆమె బి.ఏ.' అని చెప్పేవాడు, కొత్త రేడియోను చూపించినట్టు. అనంతయ్య ఆ పెన్నును చూసి ఇబ్బందిగా నవ్వాడు. "ఈ ఇంటి ఆడోళ్లందరు నిశానీనే ఏస్తరమ్మా. అలవాటు చొప్పున నీ కాగితం గూడ గట్లనే రాసిన. ఇప్పుడు మార్సుడంటె మల్ల మొదటికెల్లి రాయాలె, పిలుపు వొచ్చెటట్టున్నది. జర ఏలు వెయ్యి తల్లీ." సుగుణ రాజేందర్ వైపు చూసింది. అతను కన్ను గీటాడు. వేలు వేసింది. బి.ఏ. చదివి వేలిముద్ర! బొటనవేలు నీలం చేసుకుని, అతని తెల్ల చేతిరుమాలుకు తుడిచి, ఇద్దరూ నవ్వుకున్నారు. లోపల మెజిస్ట్రేటు తల ఎత్తకుండానే నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగాడు. ఔనంది. జుర్మానా మామ కట్టేశాడు. అనంతగిరి గుట్ట మీద గాలి చల్లగా ఉంది. సీతాఫలం గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారో పందెం వేసుకున్నారు. ఆమే గెలిచింది.

గెలిచిందట. ఇసుర్రాయి ముందు మళ్లీ కూచుని సుగుణ పిడి తిప్పబోయింది. రాయి కదల్లేదు.

వారం తిరక్కుండానే బడికి రమ్మని కబురొచ్చింది. పెద్ద టీచరు మార్తమ్మ ఆమెను గదిలో కూచోబెట్టి తలుపు దగ్గరికి వేసింది. తలుపు పడేలోపే సుగుణ అటు చూసుకుంది; ఎదురుగా ఐదో తరగతి, కిటికీ దగ్గర జడగంటలు వేసుకున్న పిల్ల ఒకతి, నల్లబల్ల మీద సగం తుడిచిన పద్యం. ఆ పద్యాన్ని తనైతే ఎట్లా చెప్పేదో అంతలోనే మనసులో చెప్పేసుకుంది.

"పోలీసు రిపోర్టు వచ్చిందమ్మా" అంది మార్తమ్మ. "కరువు రోజుల్ల బియ్యం దాచిన కేసుల శిక్ష పడ్డదని రాసిన్రు. నిన్ను చూస్తె నాకు నమ్మబుద్ధి కాలె. నువ్వే చెప్పు. దాసినవా?"

"లేదు టీచర్."

"మరి ఎందుకొప్పుకున్నవు?"

భార్యను గదా అని సుగుణ చెప్పాలనుకుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చాక, అది జవాబు కాదని తెలిసింది.

మార్తమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మా పిల్లలకు పొద్దున గంటె సంకటి దొరకని రోజులు అవి. వాళ్ల ముందు నిన్నెట్ల నిలబెట్టాలె? ఇది నా చేతుల లేదు, పైనుంచి అడుగుతరు. వచ్చే నెలాఖరుదాక నీ జాగ ఎవ్వరికియ్యకుంట ఆపుత. ఆలోపల ఆ మచ్చ పోతదని ఏదన్న కోర్టు కాగితం పట్టుకరా. అర్జీ పెట్టినట్టు ముద్ర ఉన్నా సరే, ఇంకొన్నాళ్లు ఆపుమని పైకి రాస్త."

ఇంటికి వచ్చేదాకా మార్తమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్నే సుగుణ వెంట నడిచింది. దారిలో మనుషులు మామూలుగానే పలకరించారు. ఎవరికీ తెలియదు గాని, కోర్టు పుస్తకంలో తను కరువులో బియ్యం దాచిన మనిషి. పల్లీలకూ, సీతాఫలాలకూ, ఒక కన్నుగీటుకూ తన పేరు ఇచ్చేసింది.

అన్నం తినేవేళ ఆ సంగతి చెబితే మామ తల ఎత్తలేదు. "నౌకరి జేస్తెనే ఇల్లు గడుస్తదా? పోతె పోనీ" అన్నాడు. బావగారు చెయ్యి కడుక్కుంటూ, "మంచిదే అయింది. ఇంటికాడ ఉంటది" అన్నాడు. తోడికోడలు వడ్డిస్తున్న గంటెను పప్పులోనే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. రాజేందర్ మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమె టీచరు కావాలని నిజంగానే కోరుకున్నాడు. వచ్చిన చిక్కును తనే విడిపిస్తానన్నాడు. "ఫికర్ జెయ్యకు. వకీలు సాబుతోని మాట్లాడుత. ఎట్లనన్న జేసి కొట్టేపిస్త" అన్నాడు. 'నా వల్ల' అని మాత్రం ఒక్కసారీ అనలేదు. 'వచ్చిన చిక్కు' అన్నాడు, గాలికి తలుపు పడ్డట్టు.

మరునాడు చాటలో పప్పు చెరుగుతూ సుగుణ అడిగింది. "అత్తమ్మా, మీకు మూడు కేసులెట్లయినయి?"

చంద్రవ్వ వేళ్లు మడిచింది. "మొదటిది పోలీసు యాక్షనయిన మరుసటేడు. లెవీ జొన్నలు పాతరల దాసిన్రు. నేను దాసిన్నన్నరు. రెండోది సిందిచెట్లు దొంగతనంగ గీయించిన కేసు. నేను కల్లు వాసన జూస్తెనే కక్కుకుంట. ఇగ మూడోది..." అంటూ పగలబడి నవ్వింది. "గట్టు కాడ పక్క పొలమాయనను గొడ్డలి కామతోని కొట్టిన్నట. ఆ పొలమెక్కడుంటదో నేను ఇంతదనుక సూడలె బిడ్డా."

"ఎందుకు ఒప్పుకున్నరు?"

"మా అత్త గూడ ఒప్పుకున్నది. ఒప్పుకుంటె ఏం బోయె? ఒక్క దినం ఎడ్లబండిల పోయొచ్చుడు. ఆ దినమే నేను వికారాబాదు జూసింది." చాట కాసేపు ఆగింది. "ఒక్కసారె జర బాధయింది. మొన్న, అదే, ఆరేండ్ల కింద, పంచాయతిల ఆడోళ్లను మెంబర్లు జేస్తమని వొచ్చిన్రు. నా పేరు చెప్పిన్రట వాడకట్టోళ్లు. కేసులున్నయని తీసేసిన్రు. మీ మామ నవ్విండు. మంచిదాయె, నువ్వు మీటింగులకు వోతె బువ్వ ఎవలు వొండుదురు అన్నడు."

సుగుణకు చేతిలో చాట బరువెక్కింది. "మన పొలాలు ఎవరి పేరు మీద ఉన్నయి అత్తమ్మా?"

"పరిగి తొవ్వలది మీ మామ పేరు మీద. బంట్వారం కాడిది పెద్దోని పేరు మీద. వాగు ఒడ్డుది నీ మొగని పేరు మీద."

"మీ పేరు మీద?"

"చెప్పిన గద" అంది చంద్రవ్వ. "మూడు."

ఈసారి ఇద్దరూ నవ్వలేదు. ఆ మాట అన్న మనిషే దాన్ని మొదటిసారి విన్నట్టు, చంద్రవ్వ తన ముడుచుకున్న మూడు వేళ్లను కాసేపు చూసుకుంది. తర్వాత చాట ఎత్తి పొట్టును గాలికి విసిరింది. అవసరమైనదానికన్నా గట్టిగా విసిరింది. సుగుణ ఇల్లంతా ఒకసారి కలయజూసింది. ఈ ఇంట్లో మగవాళ్లందరూ మచ్చ లేని మనుషులు. ఎవరి చొక్కా మీదా మరక లేదు. ఎట్లా ఉంటుంది? తుడుచుకోవడానికి ఇంటినిండా కొంగులున్నాయి. మూడు తరాల ఆడవాళ్లు వంట చేశారు, పాలు పిండారు, కందులు విసిరారు, అవి చాలవన్నట్టు నేరాలు కూడా మోశారు. ఆ చాకిరీకి ఎవరూ పేరు పెట్టలేదు. పేరు పెడితే పనిలా కనిపిస్తుంది కదా. పైగా తను వచ్చింది, కాలేజీలో చర్చాపోటీల్లో కప్పు గెలిచి, స్త్రీ స్వాతంత్ర్యం మీద పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, వచ్చి, మొగుడు కన్ను గీటితే బొటనవేలు చాపింది. చదువురాని అత్తకు వేరే దారి తెలియదు. తనకేమైంది? సంతోషం. అంతే. సంతోషంగా ఉండింది. సంతోషంగా ఉన్నప్పుడు తన దగ్గర ఏమేమి తీసుకుపోయారో చూసుకోలేదు.

మార్చి రెండో వారంలో వికారాబాదు పోయారు. అనంతగిరి దేవునికి మొక్కుందని చంద్రవ్వ కూడా బయల్దేరింది. ధారూర్‌లో రైలాగితే రాజేందర్ ఈసారి కూడా పల్లీలు కొన్నాడు. సుగుణకు పల్లీలంటే ఇప్పటికీ ఇష్టమే. తిన్నది. కాని ఈసారి అతను చెప్పేదంతా, మొదటి నుంచి చివరిదాకా, విన్నది.

వకీలు సుధాకర్ గది కోర్టుకు ఎదురుగా, రోడ్డుకివతల. చంద్రవ్వ గుమ్మం బయట బెంచీ మీద కూచుంది. వకీలు అప్పటికే అర్జీ తయారు చేయించి ఉంచాడు. మంచి మాటకారి.

"ఇప్పుడొక కానూను ఉన్నదమ్మా. మొదటిసారి తప్పు చేసినోళ్లను కోర్టు మందలించి విడిచిపెట్టొచ్చు. పై కోర్టుకు పోయి, జుర్మానా తీసేసి మందలింపు చేయుమని అడుగుదాం. అట్లయితె ఆ శిక్ష నౌకరికి అడ్డం రాదు. వయసులో చిన్నదానివి, ఆడమనిషివి. పని అయితదని నాకు నమ్మకం. మనం చేయాల్సిందల్ల తప్పయిందని దండం పెట్టుడు."

అనంతయ్య అర్జీ చదివాడు. "'నేను చదువురాని ఇల్లాలిని. లోకజ్ఞానం లేనిదానిని. చట్టము తెలియక, నా భర్తకు గాని అత్తమామలకు గాని చెప్పకుండ, స్వంత ఆశ చేత బియ్యము దాచినాను. బుద్ధి వచ్చినది. క్షమించవలెను.' ఇగ కింద నిశానీ." సిరా ప్యాడు మూత తీసి ఆమె ముందుకు జరిపాడు.

"ఒక్క నిమిషం పని సుగుణా" అన్నాడు రాజేందర్ మెల్లగా. "నౌకరి నీదే అయితది."

అది నిజమే. సుగుణకు తెలుసు. ఒక్క వేలిముద్ర. జడగంటల పిల్ల, సగం తుడిచిన పద్యం, అన్నీ తనవే. ప్యాడులో సిరా తడిగా, నీలంగా మెరుస్తోంది.

"వకీలు సాబ్" అంది. "చదువురాని ఇల్లాలిని అని రాసిన కాగితం చూపిస్తె నాకు టీచరు నౌకరి ఎట్లిస్తరు?"

వకీలు అనంతయ్య వైపు చూశాడు. అనంతయ్య కాగితం వైపు చూశాడు. ఆ ఇంటి ఆడవాళ్ల కోసం ఇన్నేళ్లుగా ఒకే మాదిరి రాస్తూ వచ్చాడు. ఎవరూ చదివి చూసేవాళ్లు కాదు కాబట్టి ఎవరూ అడగలేదు.

"సరే, ఆ మాట కొట్టేద్దాం" అన్నాడు వకీలు.

సుగుణ సంచిలోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, ఆ మాట కొట్టేసింది. "లోకజ్ఞానం లేనిదానిని. ఇది గూడ కొట్టేస్తున్న. బి.ఏ.ల ప్యాసయిన."

"కొట్టెయ్, కొట్టెయ్."

"భర్తకు చెప్పకుండ." పెన్ను ఆ మాట మీద ఆగింది. ఆమె రాజేందర్ ముఖంలోకి చూసింది. "ఇది ఉంచమంటవా?"

రాజేందర్ చూపు సిరా ప్యాడు మీదికి దించుకున్నాడు. పెన్ను అడ్డంగా పోయింది. అత్తమామలకు చెప్పకుండ అన్నది పోయింది. స్వంత ఆశ చేత పోయింది. బియ్యము దాచినాను పోయింది. బుద్ధి వచ్చినది అన్న దగ్గర కాసేపు ఆలోచించి, అది ఒక్కటీ ఉంచింది. క్షమించవలెను పోయింది.

"గట్ల కొట్టుకుంట పోతె ఏం మిగులుతదమ్మా?" అన్నాడు అనంతయ్య, తన అక్షరాలు చచ్చిపోతుంటే చూడలేక.

"నా పేరు మిగిలింది గద" అంది సుగుణ.

కాగితం తిప్పి, వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. కాలేజీలో పరీక్ష రాసినట్టు, తల ఎత్తకుండా రాసింది. రాసి, తనే చదివింది.

"'నా పేరు సుగుణ. నేను బి.ఏ. చదివాను. గత నవంబరులో ఈ ఊరి కోర్టులో నా మీద జరిగిన కేసు కాగితాల్లో నా పేరు పక్కన చదువురాదని రాసి, నా చేత వేలిముద్ర వేయించారు. నాకు సంతకం వచ్చు. ఆ వేలిముద్రే నాకు సాక్ష్యం. ఆ కాగితాన్ని నేను చదవలేదు, నాకెవరూ చదివి వినిపించలేదు. ఆ బియ్యం నావి కావు. ఎవరివో కోర్టువారు అడిగితే చెబుతాను. నేను చేసిన తప్పు ఒక్కటే, చేయని తప్పును ఒప్పుకోవడం. దానికి ఎంత మందలించినా తలవంచుకుని వింటాను. లేని నేరానికి మాత్రం నాకు క్షమాపణ వద్దు. నా పేరును ఆ పుస్తకంలోంచి తీసేయండి.'"

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. వకీలు కుర్చీలో వెనక్కి ఒరిగాడు. "ఒప్పుకున్న కేసును తిరగదోడుడు అంత అల్కగ కాదమ్మా. నెలలు పడ్తది. ఓడిపోతె నౌకరి గూడ పోతది. నేను మీ మామ వకీలును, ఇది నేను దాఖలు చెయ్య."

"నేనే ఇస్త. కోర్టు రోడ్డుకు అవతలనే గద."

"సాక్ష్యం ఎవరు చెప్తరు? ఇంట్ల మొగోళ్లు ఎవరన్న చెప్తరా నీ తరఫున?"

జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. చంద్రవ్వ బెంచీ మీంచి లేచి, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను చెప్త" అంది.

"అవ్వా, నువ్వు బయట కూసో" అన్నాడు రాజేందర్.

"కూసున్న రా. ముప్పై ఏండ్ల సంది బయటనే కూసున్న." ఆమె లోపలికి వచ్చింది. "ఆ బస్తాలు ఎవలు దెచ్చిన్రో, సొప్ప ఎవలు కప్పిన్రో నా కండ్లతోని జూసిన వకీలు సాబ్. మూడుసార్లు మీ కచేరికొచ్చి అబద్ధం ఒప్పుకున్న. ఎన్నడు నమ్మకుంట పోలె మీరు. ఒక్కసారి నిజం చెప్త, నమ్ముతరో నమ్మరో సూస్త."

అలవాటు కొద్దీ అనంతయ్య చెయ్యి సిరా ప్యాడును చంద్రవ్వ వైపు జరపబోయింది. సుగుణ దాని మూత మూసేసింది.

అర్జీ కింద సంతకం చేసింది. సుగుణ, బి.ఏ. రెండోసారి దిద్దుకోవలసిన అవసరం లేకుండా, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. ఇంత కోపంలోనూ ఆ గుండ్రటి అక్షరాలను చూసి ఆమెకు చిన్న ముచ్చట కలిగింది. సిరా ఆరాలని ఉఫ్ అని ఊదింది.

రోడ్డు మీదికి వచ్చాక రాజేందర్ ఆమెను ఆపాడు. ముఖం పాలిపోయి ఉంది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సుగుణా, జర ఆలోచించు. ఇది గిన కోర్టుల పడితె, అన్న లైసెన్సు పోవద్దని కేసు నా మీదికే తోస్తరు. నా పేరు రాస్తరు. నేనేం గావాలె?"

ఆమె అతని వైపు చూసింది. చెమటకు నుదుటి మీద జుట్టు అంటుకుపోయింది. ఇప్పటికీ ఆమెకు ఇష్టమైన ముఖమే అది. దయగానే చెయ్యి చాపి ఆ జుట్టును పక్కకు తోసింది.

"ఏం గాదు" అంది. "జుర్మానా ఏసి ఇడిసిపెడ్తరు. ఒక్క మాటనే గద, ఔనంటె అయిపాయె. మల్ల ఇద్దరం అనంతగిరి పోదాం."

అని, అత్త చెయ్యి పట్టుకుని, రోడ్డు దాటింది.